చిత్రాన్నం తిన్నది నేనే

ముందుగా ఒక మాట. అచ్చుతప్పులుంటే కోప్పడవద్దు. అరవై రెండేళ్ళప్పుడు పలక పట్టినదాన్ని, ఒత్తులు ఇంకా నా మాట వినవు. ఇది రాయడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు పెన్ను దొరకలేదు, అది నా తప్పు కాదు.

నాకు అక్షరాలు నేర్పింది నా మనవరాలు ఫిర్దోస్. మా ఆయన పోయాక నేను ఊరికే కూర్చుని అందరినీ తిడుతున్నానని, నా నోరు మూయించడానికి నేర్పింది. ఇప్పుడు తిట్లు రాయడం కూడా వచ్చింది.

మొన్నామధ్య ఆ పిల్లకు పులివెందులలో ఇంజనీరింగు సీటు వచ్చింది. రెండు రోజుల్లో చేరకపోతే పోతుంది. నా కొడుకు వలి బాషా మాత్రం, "ఊరు చూడకుండా పిల్లను యాడికీ పంపను. నచ్చకపోతే ఈడనే ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుకుంటాది" అన్నాడు. ఫిర్దోస్ ఆ పూట అన్నం తినలేదు. నేను తిన్నాను గానీ, బాధపడుతూనే తిన్నాను.

మరునాడు పొద్దున్నే బయలుదేరాం. మా ఆయన పరుపులు కుట్టేవాడు, కొడుకు కార్ల సీట్లు కుడతాడు. మేమెక్కిన కారు కూడా కుట్టడానికి వచ్చిందే. "సీట్లు ఎట్లుండాయో నడిపి చూడాల గదా" అన్నాడు. కారు సొంతదారుకు చెప్పాడో లేదో నేనడగలేదు. వెనక సీటుకు ఇంకా గుడ్డ వేయలేదు. ఉత్త స్పంజి మీద కూర్చుంటే, గుంత వచ్చినప్పుడల్లా నా తల కారు కప్పును పలకరించి వచ్చేది.

జమ్మలమడుగులో నా కూతురు జమీలా ఎక్కింది. సంబంధాలు విచారించడంలో ఆమె గట్టిదని అన్న పిలిపించాడు. కాలేజీకీ సంబంధానికీ ఏం పొత్తు అంటారా? ఆడపిల్లను ఇంకో ఊరికి పంపడానికి వలి బాషాకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

మా ఇళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. సంబంధం చూడబోతే, నచ్చేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టం. మా వైపు అందరికన్నా పెద్దవారు చెయ్యి కడుక్కుని తిన్నారంటే ఖాయమైనట్టే. వెనక్కి పోవడం ఉండదు.

"మా నాయన రెండు బజ్జీలకు ఆశపడి నన్ను ఈ ఊర్లో ఇచ్చినాడు. ఇరవై రెండేండ్లాయ, ఆ బజ్జీలు నాకింకా అరగలా" అంది జమీలా.

"అందుకే చెప్తాండా. ఎవురూ ఏమీ ముట్టగాకండి" అన్నాడు వలి బాషా.

తొండూరులో టీ తాగుదామన్నాను. "ఇది పులివెందుల కాదు గదరా?"

"పక్కనే గదమ్మా. వాళ్ళ చుట్టాలుంటారు."

"కాలేజీకి చుట్టాలేంది నాయనా?" అంది ఫిర్దోస్. వాడు కారు ఆపలేదు, నాకు టీ లేదు.

పులివెందులలో పంక్చరు అంగడి దగ్గర ఆపాడు. "ఆ కాలేజీ ఎట్లాంటిదప్పా?"

"మంచిదేనప్పా. పిల్లోల్లు వస్తారు, చదువుకుంటారు, బండ్లకు గాలి పట్టించుకుని పోతారు."

"వీడేందో దాస్తాండాడు" అన్నాడు నా కొడుకు మళ్ళీ కారెక్కి.

హాస్టల్లో వార్డెన్ సుమ మేడం నవ్వుతూ ఎదురొచ్చింది. "మీకు పిల్లలెంతమంది?" అని జమీలా అడిగితే, "మూడు వందల ఇరవై" అంది ఆమె తడుముకోకుండా. టీ తెప్పిస్తానంది. వద్దు వద్దని ముగ్గురం చేతులూపాం.

అంతలో వలి బాషా గదిలోకి పోయి మంచం మీద పరుపును నొక్కాడు. అంచు దగ్గర వేలు పెట్టి చూశాడు. "దూది కాదిది. పాత గుడ్డలు కుక్కినారు. పరుపులోనే మోసం చేసేటోల్లు చదువులో చెయ్యరా? పాండి ఇంటికి."

ఫిర్దోస్ చేతిలోని సీటు కాగితాన్ని మడిచింది. మళ్ళీ మడిచింది. ఇక మడవడానికి ఏమీ మిగల్లేదు.

నేను భోజనాల గదిలోకి పోయి చెయ్యి కడుక్కున్నాను. బల్ల దగ్గర కూర్చుని, "పాపా, నాకింత పెట్టు" అన్నాను వంటామెతో. స్టీలు తట్టలో చిత్రాన్నం పెట్టింది. పల్లీలు బాగా వేశారు, ఉప్పు ఒక రవ్వ తక్కువ.

వలి బాషా వచ్చేసరికి తట్ట సగమైంది. "అమ్మా! ఏం చేస్తాండావు?"

"కండ్లు కనపడ్లేదా? తింటాండా."

"నీకు తెలీదా?"

"షుగరు మాత్ర ఏసుకున్నాను, కండ్లు తిరిగినాయి" అన్నాను. అది అబద్ధం. మాత్ర ఇంకా నా రొంటిన దోపినట్టే ఉంది.

జమీలా పకపకా నవ్వింది. "అయిపాయనా! నాకు రెండు బజ్జీలు, దీనికి చిత్రాన్నం!"

"కాలేజీకి ఆ లెక్క చెల్లదు" అన్నాడు వలి బాషా.

"పొద్దున్నించి మా నోట్లో టీ చుక్క పడనియ్యకపోతివే, అప్పుడు చెల్లిందా నాయనా?" అంది ఫిర్దోస్. ఆ రోజు ఆ పిల్ల గొంతు పెంచడం అదే మొదలు.

వాడు నా తట్ట వైపు చూశాడు. నేను ఇంకో గరిటె వేయించుకున్నాను.

"సరే. పాప చేరుతాది" అన్నాడు చివరకు. "కానీ ఆ పరుపు మీద పండుకోదు. బయట గది బాడుగకు తీస్తాను, పరుపు నేనే కుట్టి తెస్తాను. తిన్నది నువ్వు గదా, పాపతోపాటు కాపురం గూడా నువ్వే చెయ్యి!"

నన్ను బెదిరించాననుకున్నాడు పాపం. ఫిర్దోస్ మడతలన్నీ విప్పి, ఆ కాగితాన్ని బల్ల మీద అరచేత్తో సాపు చేసి, వార్డెన్ దగ్గరికి పరుగెత్తింది.

పరుపు బాగా కుట్టాడు. ఇది దాని మీద కూర్చునే రాశాను.

షాహీదాబీ, అరవై ఏడేండ్లు, కాలేజీ గేటు ఎదురు సందులో మిద్దె మీది గది, పులివెందుల.