మళ్ళీ లెక్కపెట్టే మనిషి

నూనెచుక్క గాజుపలక మీద పరుచుకునేదాకా ఆగి, ఆమె మైక్రోస్కోపు లెన్సును దానికి తాకీ తాకనట్టు దించింది. ఎడమచెయ్యి పలకను జరిపే మర మీద ఉంది, కుడిచెయ్యి లోతు సరిచూసే మర మీద ఉంది. నుదురు ఆనే చోట నల్లరబ్బరు అరిగి నున్నబడింది. అది అరగదీసింది ఆమె నుదురే. మసకమసకగా ఉన్నదంతా ఉన్నట్టుండి తేటపడింది. పసుపు వెలుగులో నల్లటి నలుసులు కనిపించాయి. నలుసులు వరుస కట్టి గీతలయ్యాయి, గీతలన్నీ ఒక్కచోట కలిసి నక్షత్రమయ్యాయి.

ఆ గదిలో దాన్ని నక్షత్రమనే అంటారు. ఎక్కడో ఒక పెద్ద యంత్రంలో పరమాణువుల కేంద్రకాలను వెలుతురుతో పందెం వేసినంత వేగంగా ఉరికిస్తారు. ఫొటో ఫిల్ముకు పూసే మందునే దళసరిగా పూసిన ఈ పలకల్లోకి వాటిని వదులుతారు. ఉరికొచ్చిన కేంద్రకం మందులో ఉన్న ఇంకో కేంద్రకాన్ని ఢీకొంటే, రెండూ పగలడమే కాదు, అంతకుముందు లేని కొత్త కణాలు పుట్టి ముందుకు చీపురుకట్టలా చిమ్ముతాయి. పలకను కడిగాక వాటి జాడలు గీతలై మిగులుతాయి. లావుగీతలు పగిలిన ముక్కలవి, సన్నగీతలు కొత్తగా పుట్టినవాటివి. ఒక్కో నక్షత్రంలో సన్నగీతలెన్నో లెక్కపెట్టి రాయడం ఆమె పని. ఒక్కో ఢీకి ఎన్ని పుడతాయి, ఒక ఢీకీ ఇంకో ఢీకీ ఆ లెక్కలో హెచ్చుతగ్గులెంత అన్నది తేల్చడం పై అంతస్తులో కూర్చునే డాక్టరుగారి పని.

ఆమెను అక్కడ అందరూ కీడెంచమ్మ అంటారు. ముఖాన్నే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఈవిడ కీడెంచి అక్కడే చాప పరుచుకుంటుందని పెద్దక్క ఎగతాళి. పెద్దక్క పక్క మైక్రోస్కోపు మనిషి. కొలువులో ముందు చేరింది కాబట్టి అక్క అయింది. ఒకే పలకను ఇద్దరూ విడివిడిగా చూడాలి, ఒకరికొచ్చిన అంకె ఇంకొకరికి చెప్పకూడదు. ఆ గదిలో నోటికున్న కట్టడి అదొక్కటే. మిగతావన్నీ చెప్పుకుంటారు.

"ఏమే, మర తిప్పుతున్నావా, నూతిలో నీళ్ళు తోడుతున్నావా?" అంది పెద్దక్క, కళ్ళు లెన్సు మీదినుంచి తీయకుండానే.

"నిద్ర లేదక్కా."

"నీకెప్పుడుందిలే. పిల్ల వెళ్తోందా, ఉంటోందా?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? సాయంత్రమేగా బండి."

ఆమె పలక జరిపింది.

కూతురు కరెంటు పని నేర్చుకుంది. దూరాన కొండవరస మీద నిలబెట్టిన గాలిమరలను బాగుచేసే ఉద్యోగం వచ్చింది. నడుముకు తాడు బిగించుకుని, మేఘాలు తగిలేటంత ఎత్తెక్కి, రెక్కల వెనకున్న గదిలో పనిచేయాలి. ఆ మాట చెవినపడ్డప్పటి నుంచీ ఆమెకు తాడే కనిపిస్తోంది, కూతురు కనిపించడం లేదు. తాడు ఇనుపంచుకు రాసుకుంటుంది. ఒక పోగు తెగుతుంది, ఇంకో పోగు తెగుతుంది. ఆఖరి పోగు దగ్గర ఆమె ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది.

ఎప్పుడూ చేసే పనే ఇప్పుడూ చేసింది. అడిగింది. "బాగా ఆలోచించుకున్నావా?" అంటే ఆలోచించుకున్నానంది కూతురు. మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. ఈత నేర్చుకుంటానన్నప్పుడూ ఇంతే, స్నేహితురాళ్ళతో సముద్రం చూసొస్తానన్నప్పుడూ ఇంతే. అడగ్గా అడగ్గా పిల్ల ముఖం వాడిపోయి "సరేలే అమ్మా, మానేస్తా" అనేది. ఆ మాట వచ్చాక ఆమె ఇంక అడిగేది కాదు. నిన్న అన్నాల దగ్గర మాత్రం కూతురు కంచంలో చెయ్యి ఆపేసి, మెల్లగా అంది. "ఇంకొక్కసారి అడుగమ్మా, మానేస్తాను. ఒట్టు. నాకూ భయంగానే ఉంది. కానీ ఆ తర్వాత ఇంక నన్నేదీ అడగొద్దు, ఎప్పుడూ."

ఒక్కసారి అడిగితే చాలు, పిల్ల ఇంట్లో ఉంటుంది. పొద్దున నిద్రపోతున్న కూతురి తల దగ్గర నిలబడి, లేపి అడుగుదామా అనుకుని, చెప్పులేసుకుని వచ్చేసింది. సాయంత్రం ఇంకా ఉందిగా.

టీలు తాగే వేళకు డాక్టరుగారు కిందికి వచ్చింది. మందులివ్వని డాక్టరని పెద్దక్క పేరుపెట్టిన ఆవిడ. వాళ్ళిద్దరికంటే చిన్నది, గోళ్ళు కొరికి కొరికి వేళ్ళచివర్లు మొద్దుబారిన మనిషి. చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద ఏ అంకె ఎన్నిసార్లు వచ్చిందో చూపే రెండు గుట్టలు గీసి ఉన్నాయి, ఒకటి వెడల్పుగా, ఒకటి సన్నగా నిక్కి.

"వెడల్పుది పెద్దక్కగారిదండీ. సన్నది మీది. ఇద్దరూ చూసింది అవే పలకలు."

కీడెంచమ్మ కాగితం మీదికి వంగింది. "నాది తప్పొచ్చిందా అమ్మా?"

"సగటు ఇద్దరిదీ ఒకటే. అందుకే ఇన్నాళ్ళూ నాకు అనుమానం రాలేదు. హెచ్చుతగ్గులే మీ దగ్గర తక్కువున్నాయి. మీరెలా లెక్కపెడతారో ఒకసారి చెప్తారా?"

"అందరిలాగే. గీతకోసారి లెక్కమీట నొక్కుతాను. మరీ ఎక్కువొస్తే మళ్ళీ లెక్కపెడతాను, తప్పయితేనో అని. మరీ తక్కువొచ్చినా అంతే, ఏ మూలనన్నా ఒకటి దాక్కుందేమోనని వెతుకుతాను."

"మామూలుగా వస్తే?"

"మామూలుగా వస్తే ఇంకెందుకమ్మా?"

డాక్టరుగారు కుర్చీ లాక్కుని కూర్చుంది. కోప్పడుతుందనుకుంటే కోప్పడలేదు. అదింకా కష్టంగా ఉంది.

"మామూలుగా వచ్చినవాటిలోనూ తప్పులుంటాయి కదండీ. వాటిని వదిలేసి, మామూలుకు దూరంగా పోయినవాటినే వెతికి వెతికి మధ్యకు తెస్తున్నారు. గుంపులో ఏదో ఒక గీత మీద అనుమానం పుట్టకుండా ఉండదు. ఒకటి తీసేస్తారు, రెండు తీసేస్తారు. అంకె మీ మామూలుకు రాగానే ఆగిపోతారు."

"బడి ఎగ్గొట్టిన పిల్లల్ని చెవి పట్టుకుని లాక్కొచ్చినట్టు," అంది పెద్దక్క. నవ్వుదామనుకుంది గానీ, పక్కనున్న మనిషి ముఖం చూసి టీ గ్లాసులోకి చూసుకుంది.

"కావాలని ఒక్కటీ మార్చలేదమ్మా. నా పిల్ల మీద ఒట్టు."

"తెలుసండీ. కానీ నేను కొలుస్తున్నదే ఆ దూరం. ఢీకొన్నప్పుడు ఎంత చెదిరితే అంత చెదరనీయాలి. మనం సర్దితే అది మన చెయ్యి అవుతుంది, దాని సంగతి కాదు." డాక్టరుగారు కాగితం మడిచింది. "మీ పలకలు వేరేవాళ్ళతో చూపిస్తాను. తప్పదు. ఇకనుంచి అన్నిటినీ రెండేసిసార్లు చూడండి, లేదంటే అన్నిటినీ ఒక్కసారే. మీ ఇష్టం. కొన్నిటిని మాత్రమే రెండోసారి చూడటం వద్దు."

రెండేసిసార్లన్న మాటతో ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మునిగేవాడికి గట్టు దొరికినట్టు పలక దగ్గరికి పోయి కూర్చుంది. మొదటి నక్షత్రం మామూలుదే, అంకె మామూలుగానే వచ్చింది. ఎన్నడూ చేయని పని, అలాంటిదాన్ని మళ్ళీ లెక్కపెట్టింది. ఇంకో అంకె వచ్చింది. కళ్ళు నులుముకుని మూడోసారి చూస్తే అదీ ఇదీ కాకుండా ఇంకొకటి వచ్చింది. మంచివే కదా అని వదిలేసినవన్నీ ఇలాంటివేనా?

అన్నం డబ్బా మూత తీసి, తినకుండా మూసింది.

భర్త పోయిన రోజు, చినుకుల్లో ఆయన బండి బయటికి తీస్తుంటే ఆమె ఒక్కసారే అడిగింది, తగ్గాక వెళ్ళకూడదా అని. "ఇట్టే వస్తాగా," అన్నాడు. స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని ఆమె లోపలికి పరుగెత్తింది. వీధి మలుపులో లారీ వెనక్కొస్తోంది. రెండోసారి అడిగి ఉంటే ఆగేవాడని ఆమె నమ్మకం. ఔనని ఎవరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. అప్పటినుంచి గ్యాసు కట్టేశానా అని రెండుసార్లు, గడియ పెట్టానా అని రెండుసార్లు. కూతుర్నైతే లెక్కలేదు. ఇప్పుడు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఆమెకు ఎప్పుడూ రాని ఆలోచన ఒకటి వచ్చింది. ఆ మలుపులోంచే ఆయన ఏళ్ళ తరబడి వెళ్ళాడు. వానలోనూ వెళ్ళాడు. ఆమె అసలు అడగని రోజులే ఎక్కువ, తిరిగొచ్చిన రోజులే ఎక్కువ. ఆ రోజుల్ని ఆమె ఎన్నడూ లెక్కలోకి తెచ్చుకోలేదు.

దాంతో ఊరట కలిగిందా అంటే లేదు. కాళ్ళ కింద చాప లాగేసినట్టుంది.

మధ్యాహ్నం ఒక నక్షత్రం తగిలింది. అలాంటిది ఆమె అంతకుముందు చూడలేదు. సన్నగీతలు దువ్వి జడ వేసినట్టు దట్టంగా ముందుకు పోయాయి. పొర దిగుతూ, ఎక్కుతూ, ఊపిరి బిగబట్టి గీతకో నొక్కు నొక్కింది. చివరికి లెక్కమీట మీద చూస్తే, తన చేత్తో ఎప్పుడూ రాయనంత పెద్ద అంకె ఉంది. బొటనవేలు దానంతటదే లెక్క చెరిపేసే సున్నా మీటకేసి పోయింది. మధ్యలో రెండు గీతలు మరీ ఒరుసుకుని ఉన్నాయి, ఒకటేనేమో. అంచున ఉన్నది పాత గీతేమో, దీనిది కాదేమో. తీసేద్దామంటే దారులు బోలెడున్నాయి.

"ఏంటే, ఊపిరి తీయడం మర్చిపోయావా?" అంది పెద్దక్క.

"ఒకటి చాలా పెద్దది వచ్చిందక్కా."

"అంకె చెప్పకు."

"చెప్పను." సున్నా మీట దగ్గర్నుంచి వేలు తీసింది. "ఒక్కసారే చూస్తానక్కా ఇకనుంచి. అన్నిటినీ."

"నువ్వా?" పెద్దక్క మొదటిసారి తలెత్తి చూసింది. "ఉండగలవా?"

ఆమె వచ్చిన అంకె వచ్చినట్టు రాసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అది తప్పో ఒప్పో తెలీదు. పలక జరిపాక కూడా ఆ గీతలు కళ్ళముందే ఉన్నాయి. వెనక్కి జరిపి చూద్దామని చెయ్యి రెండుసార్లు లేచింది. ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి కూతురు సంచి సర్దుకుని, పక్క దులుపుతోంది. సంచి అంటే సంచి కాదు, సగం మనిషి. కూతురు స్నానానికి వెళ్ళగానే ఆమె దాని పక్క అర తీసి, దారిలో కొనుక్కొచ్చిన ఈల ఒకటి లోపల దోపింది. పైన ఇరుక్కుపోయి గొంతు లేవకపోతే ఊదొచ్చు. గాలిలో ఈల ఎవరికి వినపడుతుందని అడిగేవాళ్ళు అప్పుడు పక్కన లేరు.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగారు. నీళ్ళు పెట్టుకున్నావా అంటే పెట్టుకున్నానంది. టార్చి పెట్టుకున్నావా అంటే పెట్టుకున్నానంది. ఏ ప్రశ్నకైనా ఒక్కసారే. రెండోది నాలుక చివరికొచ్చి నిలబడుతోంది, ఆమె టీతో కలిపి మింగుతోంది. కూతురు చూపంతా తల్లి నోటి మీదే ఉంది.

సందు మొదట్లో కంపెనీ బండి హారన్ మోగింది.

కూతురు సంచి భుజానికెత్తుకుంది. గడప దగ్గర వంగి లేసులు కట్టుకుంది. కట్టినవి విప్పి, మళ్ళీ కట్టుకుంది. లేచి తలుపు పట్టుకుని నిలబడింది. తల్లి పెదవులు కదిలాయి. కూతురి ముఖంలో అదేమిటో, అడగొద్దన్న వేడుకోలో, అడిగితే బాగుండునన్న ఆశో, ఆమె తేల్చుకోలేకపోయింది. రెండోసారి చూస్తే తేలేదేమో. ఆమె ముందుకెళ్ళి సంచి పట్టీ మెలిక సరిచేసింది.

"వెళ్ళు తల్లీ. వాళ్ళు ఎదురుచూస్తున్నారు."

"ఏం అడగవా?"

"అడిగాను కదా."

కూతురు ఆమె భుజానికి ఒకసారి తల ఆనించింది. తర్వాత మెట్లు దిగిన చప్పుడు, బండి తలుపు వేసిన చప్పుడు, ఇంజను చప్పుడు వినిపించాయి. ఆ చప్పుడు మలుపు దాకా వినిపించి, మలుపు తిరిగాక కూడా చాలాసేపు వినిపిస్తున్నట్టే ఉంది. ఆమె తలుపు వేసి గడియ పెట్టింది. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, గడియకేసి చూసి, ముట్టుకోకుండా నిలబడింది.

అప్పుడు కనిపించింది. చెప్పుల అర మీద, కూతురు బూట్లు ఎప్పుడూ ఉండే ఖాళీలో, ఈల. దాని దారం పొందిగ్గా చుట్టి ఉంది.