తెంపని దారం

"ఎవరిదీ రక్తం?"

మేస్త్రీ తెల్ల చొక్కాను కాలరు పట్టి పైకెత్తాడు. షెడ్డులో పదకొండుమంది ఆడవాళ్ళూ కుట్టడం ఆపి వేళ్ళు చాపారు. మరక కనిపిస్తే వేళ్ళు చూపించడం అక్కడి వాడుక. సూది గుచ్చుకున్న వేలు ఎవరిదైతే వాళ్ళకి ఆ పూట కూలి లేదు.

గుండీలమ్మ కూడా పది వేళ్ళూ చాపింది. గుండీలు కుట్టడంలో ఆమె చేతికి ఎదురు లేదని అందరూ అలా పిలుస్తారు. ఒక్క వేలి మీదా గాయం లేదు.

పక్కన కూర్చుని గుండీలకి కాజాలు కుట్టే పెద్దమ్మ ఒక్కతే ఆమె మొహం చూసింది.

"వేలు కాదే తల్లీ, పెదవి. కొరికేసుకున్నావు."

గుండీలమ్మ అరచేత్తో తుడుచుకుంది. తడి అరచేతికి తెలిసింది. పెదవికి తెలియలేదు.

ఆరు నెలల కిందట కింది దవడ ఎముకలో తిత్తి ఉందని కోసి తీశారు. మళ్ళీ పెరగకుండా ఆ గుంటలో ఘాటైన మందేదో పూశారు. తిత్తి పోయింది. దాంతోపాటే కుడివైపు కింది పెదవీ గడ్డమూ ఆమెవి కాకుండా పోయాయి. మెతుకు అంటుకుంటే కూతురు చెప్పాలి. టీకి కాలిందో లేదో అద్దం చెప్పాలి.

తిరిగి వెళ్తే డాక్టరు ఆమె గడ్డం మీద సూదితో పొడిచి చూశాడు. "మందు నరానికి తగిలినట్టుంది. కొందరికి స్పర్శ వస్తుంది, కొందరికి రాదు."

"ముందే ఒక మాట చెప్పాల్సింది కదయ్యా."

"కాగితంలో ఉందిగా. సంతకం చేశారుగా."

చేసింది. బల్ల మీద పడుకోబెట్టాక నర్సు వేలు పెట్టి చూపించిన చోట చేసింది.

షెడ్డులో కత్తెర ఒక్కటే. ఎవరైనా పట్టుకుపోతారని మేస్త్రీ దాన్ని తన బల్లకి గొలుసేసి కట్టాడు. గుండీ గుండీకీ అక్కడిదాకా లేచి వెళ్తే పని తెమలదు. అందుకే అందరూ దారం పళ్ళతో తెంపుతారు.

"కుడివైపు తెలీకపోతే ఎడమవైపు కొరుక్కో," అన్నాడు మేస్త్రీ.

"అదీ పోతే నీ మూతి అరువిస్తావా?" అంది పెద్దమ్మ.

"నోరు మూసుకో ముసలీ."

"మూసుకుంటే దారం దేంతో తెంపను నాయనా?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. గుండీలమ్మ నవ్వలేదు. నవ్వితే పెదవి ఎటు పోతుందో ఆమెకి తెలియదు.

"కత్తెర ఇప్పించయ్యా. నేనిక కొరకను."

"గొలుసు విప్పేది లేదు. కొరకలేకపోతే ఇంటికి పో."

ఆమె లేవలేదు. ఇంకో చొక్కా ఒళ్ళోకి తీసుకుంది. మొదటి గుండీ కుట్టి ముడేసింది, తెంపలేదు. అదే దారంతో రెండోది కుట్టింది. ఆ చొక్కా చివరి గుండీ నుంచి దారం పక్క చొక్కాలోకి నడిచింది, అక్కడి నుంచి మూడోదాంట్లోకి. సూదిలో జానెడు మిగిలింది.

పెద్దమ్మ తను కొరకబోతున్న దారాన్ని నోట్లోంచి తీసేసింది. గుండీలమ్మ చేతిలో సూది అందుకుని తన ఒళ్ళో ఉన్న చొక్కాకి గుచ్చింది.

"ఏంటీ వేషాలు?" మేస్త్రీ వచ్చి పై చొక్కా పట్టి లాగాడు. దాని వెనకే రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. నాలుగోది పెద్దమ్మ గట్టిగా పట్టుకుంది.