రామభద్రరావు తీగ

ఉదయం ఎనిమిది నలభైకి హిమజ కంట్రోల్ గది బయట చెప్పులు విప్పి, తాళం తీసి, బల్ల సొరుగులోంచి కొంగను తీసుకుని పాత బనియన్ గుడ్డతో తుడిచింది.

కొంగ అంటే ఒక పనిముట్టు. జానెడు పొడవు, సన్నటి ముక్కు, ముక్కు చివర లోపలికి వంగిన రెండు దవడలు, పిడికి నల్ల రబ్బరు తొడుగు. తీగలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గుచ్చి ఉన్న ప్యానెల్‌లో వేలు దూరదు, మామూలు పటకారు పెడితే పక్కవి కదులుతాయి. కొంగ ముక్కు ఆ సందుల్లోకి దూరి, కావలసిన కనెక్టర్‌ను మాత్రం పట్టుకుని, దాని క్లిప్పు నొక్కి, తిన్నగా బయటికి తెస్తుంది. పక్క తీగకు తెలియదు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ వెనకున్న ఆ కోల్డ్ స్టోరేజీలో ఈ కొంగ గురించి అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. అది ఏ తీగను పట్టుకుంటే ఆ తీగ రెండో కొస ఉన్నచోటి గాలి పిడిలోంచి వస్తుంది. క్యాంటీన్ తీగను పడితే ఉల్లిపాయల తాలింపు. గేటు తీగను పడితే దుమ్ము, లారీ డీజిలు. ఒకటో గది తీగకు ఎండుమిర్చి ఘాటు, రెండో గదికి చింతపండు పులుపు, నాలుగో గదికి క్యారెట్ల మట్టి వాసన, వాటితోపాటు అరచేతికి తడి తడిగా చలి. పోయిన మేలో కరెంటు పోయినప్పుడల్లా మేనేజర్ ఓంప్రకాశ్ కొంగను నాలుగో గది తీగకు తగిలించి, పిడిని మెడకు ఆనించుకుని ఫోన్లు మాట్లాడేవాడు. దాని గురించి ఎవరూ ప్రత్యేకంగా అనుకోలేదు. తన వంతు ఎప్పుడని అడిగినవాళ్లు మాత్రం ఉన్నారు.

ఆ రోజు పాత ప్యానెల్ తీసేసి కొత్తదానికి మారడానికి ఆఖరు రోజు. పని ఆలస్యం కావడానికి కారణం తీగలు ఎక్కువ కావడం కాదు, వాటికి పేర్లుండడం. మొదట్లో ఎవరి బల్లకు ఫోను ఇస్తే వాళ్ల పేరు చీటీ మీద రాసి తీగకు కట్టారు. ఆ మనిషి మానేస్తే, కొత్తగా వచ్చినవాళ్లకు కొత్త తీగ వేశారు తప్ప పాతది తీయలేదు. పేరున్న తీగను పీకడమంటే మనిషిని కుర్చీలోంచి లేపినట్టే ఉంటుందని అక్కడివాళ్ల భావన. తప్పనిసరైతే ముందు ఆ మనిషికి ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి. పోయినవాళ్లయితే ఇంట్లోవాళ్లకు చెప్పాలి. పేరు లేని తీగలకు ఈ మర్యాద లేదు. వాటిని హిమజ ముందురోజే, ఎక్కడివో కూడా చూడకుండా, బరబరా పీకేసి కుప్ప పోసింది.

వారం రోజులుగా ఆమె ఫోన్లు చేస్తూనే ఉంది. ఒకప్పుడు రిసెప్షన్‌లో కూర్చున్న కుసుమకుమారి, "నా వైరు ఇంకా ఉందా అమ్మా!" అని సంబరపడి, కోడలిని పిలిచి మరీ చెప్పింది. టైపిస్టు సలోమి, తీసే ముందు ఒక ఫొటో పంపమంది. ఇప్పుడు మిగిలినవి కొన్ని గదుల తీగలు, ఇద్దరు ముగ్గురు మనుషులవి.

కింద ఆవరణలో ఓంప్రకాశ్ గొంతు వినిపించింది. హిమజ కిటికీలోంచి తొంగి చూసింది. అతని ఎదురుగా, కూరగాయలు ఏరే ముసలమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. పేరు ముసలమ్మే గానీ యాభై దాటి ఎక్కువేమీ కాలేదు. శ్రీకాకుళం నుంచి కొడుకూ కోడలితో వచ్చింది. అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, గంటలకొద్దీ పని చేసుకోగలదు.

"ముసలమ్మా, లాస్ట్ టైం చెప్తున్న. ఈ చుట్ట మళ్ల నాకు కనవడొద్దు. కనవడితే గేటు బయటనే," అన్నాడు ఓంప్రకాశ్.

"నిప్పు నా నోట్లోన ఉంటే నీ గోడౌను కాలిపోద్దేటి బాబూ?"

"నోట్లకెల్లి కింద పడితే?"

"ముప్పై ఏల్ల నుండి పడనేదు. ఇయాల నీకోసరం పడతాదా?" అని, పైన కిటికీలో హిమజను చూసి గొంతు పెంచింది. "ఏటి బుల్లమ్మా, ఇయాల మీ కొంగ ఎన్ని చేపలు పడతాది?"

"అన్నీ పట్టేస్తది పెద్దమ్మా. చెరువు ఖాళీ," అంది హిమజ నవ్వి.

ముసలమ్మ చుట్ట తీసి, కొస నలిపి, రొంటిన దోపుకుంది. "సరే బాబూ. నీ కంటికి కనపడదు," అని షెడ్ల వైపు వెళ్లిపోయింది.

తొమ్మిది దాటాక పని జోరందుకుంది. తీగ పీకినప్పుడల్లా పాత ప్యానెల్ బజర్ గీమని అరుస్తోంది. మూడుసార్లు విన్నాక ఓంప్రకాశ్ లోపలికి వచ్చి, "తలకాయ పోతుంది," అని దాని స్విచ్ ఆపేశాడు. మధ్యాహ్నానికి యాపిల్ లారీలు వస్తాయి గనుక, చాలా రోజులుగా ఖాళీగా ఉన్న మూడో గదిని కొత్త ప్యానెల్ మీంచి చలికి పెట్టించాడు. సెక్యూరిటీ తిరుమల్‌కు ఫోన్ చేసి ఆ గది తలుపు బిగించమన్నాడు. బిగించానని తిరుమల్ చెప్పాడు.

పదకొండు గంటలకు క్యాంటీన్‌లో పనిచేసే పూజిత వచ్చి గుమ్మంలో నిలబడింది. ముసలమ్మ కోడలు. చేతులకు ఇంకా పిండి అంటుకుని ఉంది.

"అక్కా, మా అత్త ఇటేపు వచ్చిందా? టీకి రానేదు."

"రాలేదే. షెడ్డులో లేదా?"

"నేదు. ఫోన్ సేత్తే కలవట్లేదు. పక్కింటోల్లని సూడమన్నాను, ఇంటికి తాలం ఏసే ఉన్నాదంట." పూజిత ఓంప్రకాశ్ వైపు చూడకుండానే అంది. "పొద్దున్న తిట్టినారంట కదా. అలిగి ఎల్లిపోనాదని అంటన్నారు."

ఓంప్రకాశ్ మెడ తడుముకున్నాడు. "జెర గట్టిగ అన్న, కాదంట లేను. ఏ చుట్టాలింటికో పోయుంటది తియ్. సాయంత్రం వరకు చల్లబడ్డాక వస్తది."

"మా అత్త అలిగితే తిడతాది సార్. టీ మానదు," అని పూజిత ఒక క్షణం అక్కడే నిలబడి, పొయ్యి మీద పప్పు గుర్తొచ్చి వెనక్కి వెళ్లింది. మెట్ల మీద ఆమె మళ్లీ ఫోన్ చేస్తున్న చప్పుడు, మళ్లీ పెట్టేస్తున్న చప్పుడు వినిపించాయి.

హిమజ పనిలో పడింది గానీ మనసు సగం కిందే ఉండిపోయింది. గేటు తీగను పట్టుకున్నప్పుడు చుట్ట వాసన వస్తుందేమోనని కాస్త ఎక్కువసేపు పట్టుకుంది. దుమ్ము, డీజిలు తప్ప ఏమీ రాలేదు.

చివరికి ప్యానెల్ అడుగు వరసలో, మూలకు, ఒక్క తీగ మిగిలింది. పసుపెక్కిన చీటీ మీద గుండ్రటి చేతిరాత. రామభద్రరావు.

"అకౌంట్స్ పెద్దాయన. నేను చేరినప్పుడు ఉండె. రిటైరై మస్తు రోజులైంది. ఫోన్ చేసినవా?" అన్నాడు ఓంప్రకాశ్.

"నిన్న చేసిన, ఇయ్యాల పొద్దున చేసిన. రింగయితుంది, ఎత్తుతలేరు సార్."

"మర్యాద ప్రకారం చేసినం, ఎత్తలే. లారీలు కొంపల్లి దాటినయట. పీకెయ్."

హిమజ మోకాళ్ల మీద కూర్చుని కొంగ ముక్కును ఇరుకులోకి జొనిపింది. దవడలు కనెక్టర్‌ను పట్టుకున్నాయి. క్లిప్పు నొక్కబోయి ఆగింది. పిడి చల్లబడింది.

"చలి వస్తుంది సార్."

"అకౌంట్స్ సెక్షన్ కదా. ఏసీ చలి."

"ఏసీ చలి పొడిగ ఉంటది. ఇది తడి చలి. గదుల చలి." ఆమె పిడిని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మిర్చి కాదు. చింతపండు కాదు. క్యారెట్లూ కాదు. ఖాళీ పెట్టెల చెక్క వాసన. దాని కింద ఇంకేదో, ఘాటుగా, వెచ్చగా. "సార్, రామభద్రరావు గారికి చుట్ట అలవాటుండెనా?"

ఓంప్రకాశ్ నవ్వాడు. "ఆయనా? వక్కపొడి సుత ముట్టకపోతుండె. రిటైరయినంక షురూ చేసిండేమో."

హిమజ నవ్వలేదు. కొంగను తీగకు అలాగే ఉంచి, పిడి అతనికి అందించింది. ఓంప్రకాశ్ వంగి, అలవాటు కొద్దీ ముందు మెడకు ఆనించుకోబోయి, మధ్యలో ఆగాడు. ఆ వాసన అతనికి తెలుసు. రెండేళ్లుగా రోజూ పొద్దున దానితో పోట్లాడుతున్నాడు.

"మూడో గది," అన్నాడు. అంతే. లేచి పరుగెత్తాడు. గుమ్మం బయట విడిచిన చెప్పుల్లో ఒకటి అతనిది, ఒకటి హిమజది కాళ్లకు తొడుక్కుని సగం మెట్లు దిగాక రెండూ విదిలించేసి వట్టికాళ్లతో పోయాడు.

హిమజ అతని వెనకే. క్యాంటీన్ ముందు నుంచి పోతూ, "పూజితా!" అని ఒక్క కేక వేసింది. ఎందుకని పూజిత అడగలేదు. చేతిలో గరిటెతోనే వెంట పరుగెత్తింది.

తలుపు దగ్గర, ఓంప్రకాశ్ కేక విని వచ్చిన తిరుమల్ తాళాల గుత్తితో తడబడుతున్నాడు. "ఖాళీగ ఉందనుకున్న సార్. పిలిచిన సుత, ఎవరు పలకలే."

"నోట్ల చుట్ట పెట్టుకుని ఎట్ల పలుకుతది? తియ్!"

పొడవాటి పిడిని ఇద్దరు కలిసి లాగారు. రబ్బరు అంచు పట్టు వదిలిన చప్పుడైంది. తెల్లటి పొగమంచు నేల మీదుగా బయటికి పాకింది. లోపల చీకటి. పూజిత, "అత్తా!" అంది.

మూలన గోనెసంచుల గుట్ట కదిలింది. గుట్టలోంచి ముసలమ్మ తల బయటికి వచ్చింది. కనుబొమల మీద తెల్లగా మంచు పేరుకుంది. పెదవులు మూసి ఉన్నాయి. వాటి మధ్య నుంచి చుట్ట తోక బొటనవేలి గోరంత పొడవున కనిపిస్తోంది. ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది.

ఆమె నిదానంగా చుట్ట బయటికి తీసింది. చీకట్లో నిప్పు ఎర్రగా వెలిగింది.

"తలుపేసిన ఎదవెవుడ్రా?" అంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నా మాట స్పష్టంగానే వచ్చింది. "ఇదే ఆకరి సుట్ట. ఇది అయిపోతే నానూ అయిపోదును."

పూజిత గరిటె పారేసి అత్తను పట్టుకుంది. హిమజ గోనెసంచులతో సహా ఆమెను రెండో వైపు పట్టుకుంది. ఎండలోకి తెచ్చి కూర్చోబెట్టారు. క్యాంటీన్ నుంచి ఎవరో టీ తెచ్చారు, ఇంకెవరో దుప్పటి తెచ్చారు. ఓంప్రకాశ్ ఆమె పాదాల దగ్గర గొంతుక్కూర్చుని, ఏం చేయాలో తెలియక, వాటిని తన చేతులతో రుద్దడం మొదలుపెట్టాడు.

"నీ కంటికి కనపడకూడదన్నావని ఎల్లినాను బాబూ," అంది ముసలమ్మ. "ఆ గదిలోన ఎవులూ రారు కదా అని. లోపల గడియ మంచుకి బిగిసిపోనాది. గంట బొత్తం ఉన్నాది గదా, నొక్కినాను, నొక్కినాను, ఏలు తిమ్మిరెక్కిపోనాది. ఒక్కడూ రాడే!"

ఓంప్రకాశ్ తల దించుకుని పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. గదుల్లో గంట బొత్తం నొక్కితే మోగేది పాత ప్యానెల్ బజరేనని, దాని స్విచ్ ఆపింది అతనేనని హిమజకు తెలుసు. చివరికి అతనే అన్నాడు. "గంట నేనే బంద్ చేసిన పెద్దమ్మా. మాఫ్ చెయ్." ముసలమ్మను అతను పెద్దమ్మా అనడం అదే మొదలు.

ఆమె టీ చప్పరించి, "పంచదార తక్కువైనాది," అంది కోడలితో. పూజిత అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చక్కెర తేవడానికి లేచింది.

ఆస్పత్రిలో చూపించారు. వేళ్లకు కాస్త వాపు తప్ప భయం లేదన్నారు. లారీలు గేటు బయట రెండు గంటలు నిలబడ్డాయి. డ్రైవర్లకు క్యాంటీన్‌లో భోజనం పెట్టించారు. మర్నాడు ఓంప్రకాశ్ ఆవరణ ఎదురుగోడ వారన ఒక సిమెంటు బల్ల వేయించి, పక్కన ఇసుక బకెట్ పెట్టించాడు. అది దేనికో అతను చెప్పలేదు. ముసలమ్మ వెళ్లి దాని మీద కూర్చుంది. ఆమె కూర్చున్నాక రిజిస్టర్ చూడాల్సి వచ్చినట్టు అతను మొహం అటు తిప్పుకుని పోయాడు.

రామభద్రరావు పేరున్న తీగ మూడో గది గంటదని ముసలమ్మ దొరికిన రోజే తేలింది. పాత ఎలక్ట్రీషియన్ ఎవరో పొరపాటున వేరే చీటీ కట్టి ఉంటాడనుకున్నారు. హిమజ దాన్ని కొత్త ప్యానెల్‌కు మార్చి, బజర్ మోగుతుందో లేదో చూసి, మళ్లీ చూసి, కొంగను తుడిచి సొరుగులో పెట్టింది. చీటీ మాత్రం పారేయబుద్ధి కాలేదు. మళ్లీ ఆ తీగకే కట్టింది.

నాలుగైదు రోజుల తర్వాత, సాయంత్రం, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా ఆమె ఫోన్ మోగింది. అవతల పెద్దాయన గొంతు.

"ఈ నంబరు నుంచి నాకు రెండుసార్లు ఫోన్ వచ్చిందమ్మా. కంటి ఆపరేషన్ చేయించుకుని బేగంపేటలో అమ్మాయి దగ్గరున్నాను. ఫోన్ ముట్టుకోవద్దన్నారు. నా పేరు రామభద్రరావు."

హిమజ తానెవరో చెప్పింది. ఏ తీగ గురించి చేసిందో చెప్పింది. బస్సు వచ్చింది, ఆగింది, వెళ్లిపోయింది. ఆమె ఎక్కలేదు.

"పీకేశారా?" అన్నాడాయన. గొంతు మారింది.

"లేదు సార్. ఉంది. కొత్తదానికి మార్చిన."

ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "మంచి పని చేశావమ్మా. అది నాది కాదు. నా బల్ల మీద ఎప్పుడూ ఫోనే లేదు. అది మూడో గది గంట."

"మరి మీ పేరెందుకుంది సార్?"

"పేరు లేకపోతే మనవాళ్లు పీకేస్తారు కదమ్మా. ఒకసారి పీకేశారు," అన్నాడు రామభద్రరావు. "అప్పుడు లోపల ఉన్నది నేనే."