మోత తీసిన బండి

మా వాడు దయానందం కొన్న మోటారుసైకిలుకు ఒంటిమీద గుడ్డ లేదని నేను మొదటిరోజే అన్నాను. ఇంజను, గొట్టాలు, వైర్లు అన్నీ బయటికే కనపడుతున్నాయి. ముందర అద్దం లేదు, పక్కల తొడుగు లేదు. "అదే దాని అందమమ్మా. నేకెడ్ బండి అంటారు దీన్ని," అన్నాడు. మిషన్ బడిలో పిల్లలకు చొక్కా గుండీలు పెట్టుకోమని చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్న టీచర్ని, నాకు ఆ అందం తలకెక్కలేదు.

వాడికి కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. జమ్మలమడుగులో మా ఇంటి వాకిలే వాడి మెకానిక్ షెడ్డు. ఆదివారం చర్చి నుంచి రాగానే తండ్రీ కొడుకులిద్దరూ లుంగీలు ఎగ్గట్టి కూర్చునేవాళ్లు. వెనక చక్రాన్ని స్టాండు మీదికి లేపి, కిరోసిన్లో ముంచిన బ్రష్షుతో చైను తోమేవాళ్లు. ఒకరు చక్రం తిప్పితే ఒకరు ఆయిలు చుక్కలు వేసేవాళ్లు. చైనును వేలితో పైకి నెట్టి ఎంత వదులుందో చూడటంలో ఇద్దరికీ వాదన. అంతకు మించి మాటలుండవు. మా ఆయన పాలయ్య చెయ్యి చాపితే ఏ స్పానరు కావాలో వాడికి తెలిసిపోయేది. నేను అన్నం పెట్టి పిలిచినా ఆ చెవుల్లో పడేది కాదు. వాళ్లనట్లా చూడటం నాకెంతో ఇష్టంగా ఉండేది. ఆ మాట పైకి చెప్పకుండా, మంచి చీర చింపి మసిగుడ్డ చేశారని తిట్టేదాన్ని.

బండిని వాడు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చాడు. వంకర హ్యాండిలు తీసేసి తిన్ననిది పెట్టాడు, సరే. వెనక మడ్గార్డు కోసిపారేశాడు, వానొస్తే బురద వాడి వీపుకే కాబట్టి అదీ సరే. ఆ తర్వాత సైలెన్సరు మార్చాడు. ప్రొద్దుటూరులో వలీ బాషా స్పేర్ పార్ట్స్ అంగట్లో తెప్పించుకున్నాడు. వలీ బాషా ఎలక్షన్లప్పుడు అవతలి పార్టీకి బూత్ ఏజెంటు, మిగతా కాలమంతా దయను "అల్లుడా" అని పిలిచే మనిషి. కొత్త సైలెన్సరుతో బండి స్టార్ట్ చేస్తే మా కోళ్లు గోడ దూకాయి. వాడు ఊరి పొలిమేరలో ఉండగానే పక్కింటి రత్నమ్మ "మీవోడు వస్తాండాడు, అన్నం పెట్టు," అని కేకేసేది.

మా ఆయన మాత్రం ఆ రోజు అన్నం ముట్టలేదు.

దానికి కారణముంది. ఫ్యాక్షన్ ముదిరిన ఏళ్లలో ఆయన మా వర్గం నాయకుడు పెద్దరెడ్డి దగ్గర జీపు డ్రైవరు. ఆ జీపు చప్పుడు విని పెద్దరెడ్డి ఇంట్లో గేటు తీసేవాళ్లు. అదే చప్పుడు విని అవతలివాళ్లు కల్వర్టు చాటున నాటుబాంబుల సంచి విప్పేవాళ్లు. అందుకని మా ఆయన కొన్నాళ్లకొకసారి జీపు సైలెన్సరు మార్చేసేవాడు. ఒకసారి చిల్లుపడినది పెట్టేవాడు, ఒకసారి కొత్తది, ఒకసారి ఏ పాత ట్రాక్టరుదో అతికించేవాడు. మార్చిన ప్రతిసారీ పెద్దరెడ్డి మనుషుల్ని వరసగా నిలబెట్టి, ఇంజను ఆడించి, "బాగా ఇనండప్పా, ఇప్పట్నుంచి మన చప్పుడు ఇది," అని వినిపించేవాడు. రోడ్డుమీద తెలియని చప్పుడుతో ఏ బండి వెనకనుంచి వచ్చినా దగ్గరికి రానీయకూడదు. అడగడాలు, ఆలోచించడాలు ఉండవు. అది మా ఆయన పెట్టిన కట్టుబాటే. పెద్దరెడ్డి చివరికి ముసలితనంతో మంచంమీద పోయాడు. ఆ రోజుల్లో అట్లాంటి చావు అందరికీ దక్కేది కాదు.

"ఆ మోత తీసేయి నాయనా," అన్నాడు మా ఆయన కొడుకుతో.

"జీపుల కాలం ఎప్పుడో పోయింది నాయనా. ఇప్పుడు బాంబులేసేటోడు యాడుండాడు? ఫోన్లలో తిట్టుకుంటాండారు, అంతే."

"నువ్వు యాడికి పోతాండావో, ఎప్పుడొస్తాండావో ఊరంతటికీ తెలుస్తాంది. అది మంచిది కాదురా."

"తెలవల్లనే గదా పెట్టింది!" అని నవ్వాడు వాడు.

వాడి నవ్వు చూస్తే నాకూ వాడే నిజమనిపించింది. మనుషులు మారారనీ కాలం మారిందనీ నేను బడిలో ఎన్నిసార్లు చెప్పలేదు!

రాష్ట్రం విడిపోయాక వచ్చిన ఎలక్షన్లవి. పెద్దరెడ్డి కొడుకు సాంబశివారెడ్డికి టికెట్ వచ్చింది. ఆయన దయను పిలిపించి, కాన్వాయికి ముందర బండిమీద పొమ్మన్నాడు. "పాలయ్య కొడుకు ముందర పోతే మా నాయనతో పోయినట్టుంటాదప్పా," అన్నాడట. ఇక వాడి కాళ్లు నేలమీద ఆనలేదు. హ్యాండిలుకు పార్టీ జెండా కట్టాడు. సాంబశివారెడ్డి బండ్లలో తిరిగే మనుషులు కొద్దిరోజుల్లోనే ఆ మోతకు అలవాటుపడ్డారు. అది వెనకనుంచి వినపడితే చాలు, తిరిగైనా చూడకుండా పక్కకు జరిగి దారిచ్చేవాళ్లట. ఆ గొప్ప వాడే వచ్చి చెప్పాడు. మా ఆయన చైను తోముతూ విన్నాడు.

పులివెందుల వైపు ఒక ఊళ్లో మీటింగు ఉన్న రోజు దయ నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాడు. నేను బడి నుంచి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో బండి పక్కన కూర్చుని ఉన్నాడు. మోత సైలెన్సరు ఊడదీసి పక్కన పెట్టి, కంపెనీవాళ్లిచ్చిన పాతదాన్ని బిగిస్తున్నాడు.

"వాడు లేస్తే ఊరుకుంటాడా?" అన్నాను.

"ఊరుకోకుంటే నన్ను కొట్టనీ. ఆ రోడ్డు నాకు తెల్సు సుందరీ. చప్పుడు చేయకుండా పోయొస్తే చాలు."

తీసినదాన్ని ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. మొండి మనిషి. ఆ మొండితనం వల్లే ఫ్యాక్షన్ ఏళ్లు దాటి బతికొచ్చాడు కాబట్టి నేను ఎదురు చెప్పేదాన్ని కాదు.

దయ లేచేసరికి ఆలస్యమైంది. కాన్వాయి అప్పటికే కదిలిపోయింది. బండి స్టార్ట్ చేయగానే వాడి మొహం మారిపోయింది.

"ఎవురు మార్చింది?"

"నేనే."

"తాళంచెవి ఇయ్యి నాయనా."

"ఇయ్యను."

ఇంతలో ఫోన్ మోగింది. యాడుండావురా అని అవతలినుంచి అరుపులు. వాడు తండ్రివైపు ఒక చూపు చూసి, హెల్మెట్ తగిలించుకుని వెళ్లిపోయాడు. మా ఆయన వాకిట్లో నిలబడి చెవి ఒగ్గి విన్నాడు. "సూసినావా, మలుపు దాటకముందే ఇనపల్లేదు," అన్నాడు సంతోషంగా. ఆ మనిషి అంత తేలికపడటం నేను చూసి చాలా కాలమైంది.

ముద్దనూరు దాటాక, చీకటి పడే వేళకు వాడు కాన్వాయిని అందుకున్నాడు. కాన్వాయి చివరి బండిలో నారాయణ ఉన్నాడు. జీపు కాలంలో మా ఆయన చేతికింద తయారైన మనిషి. ఎప్పుడూ వినని చప్పుడు, చీకట్లో కనపడని జెండా, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, వేగంగా దగ్గరికి వస్తున్నాడు. నారాయణ తనకు నేర్పిందే చేశాడు. డోరు తీసి ఇనపరాడ్డుతో కొట్టాడు. దెబ్బ హ్యాండిలు పట్టుకున్న కుడిచేతిమీద పడింది. బండి పడ్డాక తక్కినవాళ్లు దిగి ఆ చేతినే నలగగొట్టారు, జేబులోనుంచి ఏమైనా తీస్తాడేమోనని. హెల్మెట్ లాగింది కూడా నారాయణే. "దయా, నీ బండి మోత ఏమైందిరా," అని రోడ్డుమీద కూలబడి ఏడ్చాడట.

ప్రొద్దుటూరు ఆస్పత్రిలో వాడి కుడిచేతిని మణికట్టు దాకా తీసేశారు.

మా ఆయన వరండాలో గోడకానుకుని కూర్చుండిపోయాడు. నేను నీళ్లు తీసుకెళ్తే తాగలేదు. "నాకు అవతలోళ్ల చెవులే గ్యాపకమొచ్చినాయి సుందరీ. మనోళ్లకూ చెవులుంటాయని మర్చిపోతి," అన్నాడు. ఆయన మీద కోపంతో నీళ్లచెంబు అక్కడే పెట్టి లోపలికి వచ్చేశాను.

విషయం తెలిసి వలీ బాషా వచ్చాడు. దయ తల నిమిరి, సెలైన్ సీసా అయిపోయేదాకా పక్కనే కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు.

ఆ తర్వాత సాంబశివారెడ్డి వచ్చాడు. మంచం అంచున కూర్చుని దయ భుజంమీద చెయ్యి వేశాడు. మంచిగానే మాట్లాడాడు. దయ తన ఇంటి బిడ్డ అన్నాడు, ఫ్యాక్టరీ ఆఫీసులో పర్మనెంటు ఉద్యోగం తన బాధ్యత అన్నాడు. అంతా అయ్యాక గొంతు తగ్గించాడు.

"జరిగింది మనోళ్ల పొరపాటని బయటికి పోతే పార్టీకి మచ్చ పాలయ్యా. ఎస్సై వస్తాడు. అవతలోళ్లు కొట్టినారని చెప్పండి. వలీ బాషా పేరు ముందర చెప్పండి. దయ బండి సంగతి, వాడు పోయే దోవ వానికి తెల్సని అందరూ నమ్ముతారు. పోలింగు అయ్యేదాకా వలీ బాషా జైల్లో ఉంటే మనకు శానా మేలు."

ఆయన లేచి వెళ్లిపోయాడు.

"వలీ బాషా ఏం చేసినాడురా?" అన్నాడు మా ఆయన.

"నువ్వేం చేసినావో చెప్పు ముందర!" అని అరిచాడు దయ. "ఒక చెయ్యి పోయినోనికి ఎవురు పని ఇస్తారు? రెడ్డి ఇస్తానంటాండాడు. నేను ఆయన చెప్పినట్టే చెప్తా."

"వాడు జైలుకు పోతే వాని తమ్ముళ్లు ఊరుకుంటారా? మళ్లా యా రోడ్డుమీదనో ఎవురి కొడుకో పడతాడు. నేను ఆ ఏండ్లన్నీ సూసినా నాయనా."

దయ మొహం తిప్పుకున్నాడు.

మర్నాడు ఎస్సై వచ్చాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రవాడు, మర్యాదగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గుమ్మం బయట సాంబశివారెడ్డి మనిషి ఒకడు ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు. దయ నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. చీకట్లో అడ్డం వచ్చారనీ, గొంతు గుర్తుపట్టాననీ, వాళ్లలో ప్రొద్దుటూరు వలీ బాషా ఉన్నాడనీ చెప్పాడు.

మా ఆయన లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు. "రాయొద్దయ్యా. అది అబద్దం. కొట్టింది మావోళ్లే. బండి చప్పుడు మార్చింది నేను. తెలీని చప్పుడొస్తే రానీయొద్దని వాళ్లకు నేర్పింది గుడక నేనే."

"మా నాయనకు మతి చెడింది సార్," అన్నాడు దయ. "నా చెయ్యి పోయినకాడ్నుంచి ఇట్లే మాట్లాడతాండాడు. ఆయన మాట పట్టించుకోవద్దు."

ఎస్సై ఇద్దరినీ చూశాడు. చివరికి నావైపు తిరిగాడు. "మీరు టీచర్ కదమ్మా. మీరు చెప్పండి, ఏది నిజం?"

దయ కళ్లు నామీదే ఉన్నాయి. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను అట్లాగే చూసేవాడు, ఇప్పుడీ నొప్పి తీసెయ్యి అన్నట్టు. మంచంమీద కట్టుతో మొండి చెయ్యి. నేను ఒక్కసారి తల ఊపితే వాడికి ఉద్యోగం వస్తుంది, వాడి బతుకు గట్టున పడుతుంది. నా కన్నబిడ్డ. నా మొగుడు పిచ్చివాడని రాసుకుంటే ఎవరికేం నష్టం? వలీ బాషా నాకేమవుతాడు? ఇవన్నీ నేను నిజంగానే అనుకున్నాను. అనుకున్నానని చెప్పడానికి నాకు సిగ్గు లేదు, ఏ తల్లయినా అనుకుంటుంది. కానీ ఆ మనిషి చేతులు కట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు. తన కొడుకు చెయ్యి తనే పోగొట్టానని పరాయివాడి ముందర చెప్పుకుని నిలబడ్డాడు. అంతకన్నా ఏం మిగిలింది ఆయనకు? దాన్ని కూడా అబద్ధమని నేను అనలేకపోయాను.

"ఆయన మతి బాగానే ఉంది సార్," అన్నాను. "సైలెన్సరు ఆయన మార్చడం నేను చూశాను. వలీ బాషాకు దీంతో సంబంధం లేదు."

"అమ్మా!" అన్నాడు దయ. అంతే.

గుమ్మం దగ్గరి మనిషి అప్పటికే వెళ్లిపోయాడు. ఎస్సై రాసిన కాగితం చించేసి, ఇంకో కాగితం తీశాడు.

కేసు ఎట్లా నడిచిందని అడిగితే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నారాయణ తనే వెళ్లి స్టేషన్లో లొంగిపోయాడు. సాంబశివారెడ్డి మళ్లీ మా గడప తొక్కలేదు, ఆయన చెప్పిన ఉద్యోగమూ రాలేదు. పోలింగు రోజు వలీ బాషా తన బూత్‌లో కూర్చున్నాడు. ఇప్పటికీ పొద్దున్నే అంగడి తెరుస్తాడు. తన పేరు ఆ గదిలో ఎంతదాకా వచ్చి ఆగిందో అతనికి తెలుసో లేదో నేను అడగలేదు. బండి స్టేషన్ నుంచి వచ్చాక అమ్మేశాము.

దయ ఇంట్లోనే ఉంటాడు. ఎడమచేత్తో తినడం, రాయడం నేర్చుకున్నాడు. కొన్ని నెలలకు తండ్రితో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు సాయంత్రంపూట ఇద్దరూ అరుగుమీద కూర్చుని వానల గురించి, రాజకీయాల గురించి మాట్లాడుకుంటారు. ఆయన చేసింది తెలియక చేశాడు కాబట్టి వాడు మన్నించగలిగాడేమో. నేను తెలిసి చేశాను. నేను కంచం ముందర పెడితే తింటాడు, కావలసింది వేలితో చూపిస్తాడు. ఆస్పత్రిలో ఆ రోజు అమ్మా అన్నాడే, ఆ తర్వాత ఆ మాట నేను వినలేదు.