ఎడమవైపు తిరిగిన తోకచుక్క

మా కూతురు హేమకు పదేళ్ల వయసు నుంచీ ఒకటే పిచ్చి. టీవీలో ‘ఏడో కక్ష్య’ అని ఒక సీరియల్ వస్తుంది. ఒక నౌక, అందులో నూటయాభై మంది, ఆకాశంలో ఎక్కడెక్కడో తిరుగుతుంటారు. మొదలై ఇరవై రెండేళ్లయిందట, ఇంకా ఊరు చేరలేదు. తెలుగులో మాట్లాడతారు, అదొక్కటీ నయం.

ధర్మవరంలో మా ఇంట్లో గుంతమగ్గం గోడవైపు తిరిగి ఉంటుంది. టీవీ నా వీపు వెనుక. అందుకని ఆ సీరియల్ నేను చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. కెప్టెన్ గొంతును బట్టే ఆమెకు జ్వరం వచ్చిందో, అబద్ధం చెబుతోందో నాకు తెలిసిపోతుంది. నౌకకు చిల్లు పడిందంటే అడ్డపోగు తోసే నాడె నా చేతిలో ఆగిపోయేది. కథే కదా అని హేమ నవ్వేది. కథే కావచ్చు. అంతమంది పిల్లలున్నారు కదా అందులో.

ఇప్పుడు హేమ డిగ్రీ ఆఖరు సంవత్సరం. పోయిన నెల వచ్చి, అనంతపురంలో ఆ సీరియల్ అభిమానులంతా కలుస్తున్నారనీ, వేదిక మీద తను కెప్టెన్ వేషంలో నిలబడాలనీ చెప్పింది. నాకు ముందు బస్సు గుర్తొచ్చింది. తర్వాత రాప్తాడు దగ్గర హైవే. ఆ తర్వాత ఫంక్షన్ హాల్లో వేలాడే కరెంటు తీగలు.

“ఎవురే వాళ్లంతా? ముఖాలు సూసినావా?”

“ఐదేండ్ల నుంచి ఫోన్లో మాట్లాడుకుంటాండాం మా. గుత్తి నుంచి వస్తారు, కణేకల్ నుంచి వస్తారు.”

“ఫోన్లో అందరూ మంచోళ్లే.”

మా ఆయన చౌడప్ప కండెలకు దారం చుడుతూ, “నువ్వూ పో దాని ఎంట. ఈడ కూచోని భయపడేది ఆడ కూచోని భయపడు” అన్నాడు.

కెప్టెన్ భుజం మీద నీలం కండువా ఉంటుంది. దాని మీద బంగారు తోకచుక్క. అంగడిలో దొరికే గుడ్డ మీద రంగు పూసుకుంటానంది హేమ. పట్టు నేసే ఇంట్లో పుట్టి గుడ్డకు రంగు పూసుకోవడమేమిటని నాకు రోషం వచ్చింది. షావుకారుకు చీరలు కోసి ఇచ్చాక మగ్గం మీద నిలువు పోగుల నీలం పడుగు రెండు గజాలు మిగిలింది. అలా మిగిలింది మాకే వదిలేయడం వాళ్ల ఇంటి పద్ధతి. హేమ గీసిచ్చిన బొమ్మను పడుగు కింద పెట్టుకుని, పోగులు లెక్కపెట్టుకుంటూ జరీతో ఆరు రోజులు నేశాను. తోకచుక్క తల కుడివైపు, తోక ఎడమవైపు, అచ్చం బొమ్మలో ఉన్నట్టే.

శనివారం పొద్దున మగ్గం నుంచి కోసి, మంచం మీద తిప్పి పరిచాను. తల ఎడమవైపు ఉంది.

మా మగ్గం మీద చీర బోర్లా ఉంటుంది. నేసేవాళ్లకు పైన కనిపించేది వెనక పక్క. మంచి ముఖం కింద ఉంటుంది, కోసినాకే చూస్తాం. బుటాల్లో నెమళ్లు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి కుడి ఎడమల గొడవ మాకు ఎప్పుడూ రాలేదు. ఇరవై ఐదేళ్ల నుంచి నేస్తూ ఒంటి బొమ్మను తిరగేసి నేయాలన్న సంగతి నాకు తట్టలేదు.

హేమ తను గీసిన బొమ్మను తెచ్చి దాని పక్కన పెట్టింది.

“పోనీలే, ఎవురు సూస్తారు?” అన్నాడు చౌడప్ప.

“అందరూ అదే సూస్తారు నాయనా. తల ఎడమకుంటే నౌకను ఇడిసిపెట్టి పారిపోయినోళ్ల గుర్తు. వేషాలు సరిసూసే గుత్తి రసూల్ సార్ ఒక్క గుండీ తప్పున్నా పట్టుకుంటాడు. పోయినేడు ఒకాయన ఒక గుండీ తక్కువ కుట్టుకున్నాడని ఇప్పటికీ ఆయన్ను అందరూ గుండీ అనే పిలుస్తారు.”

అంటే నా బిడ్డకు జీవితాంతం ‘పారిపోయినామె’ అని పేరు. నేను పెట్టిన పేరు. పడుగు అయిపోయింది, ఇంకొకటి నేయడానికి రోజులు లేవు.

చివరికి హేమే అంది, “ఎనక పక్క పైకేసుకుంటా మా. ఆ పక్క సరిగ్గానే ఉండాది కదా.”

వెనక పక్కంటే జరీ కొసలు, ముళ్లు, అతుకులు. నేసినామెకు అది లోపలి లంగా నలుగురికీ చూపించినట్టు. అయినా నోరెత్తలేదు. తప్పు నాది.

ఆదివారం హాల్లో ఎనభై మందికి పైగా ఉన్నారు. ఒకరు రేకుతో టోపీ చేసుకున్నారు, ఒకామె ముఖానికి పచ్చరంగు పూసుకుంది. నేను తలుపు దగ్గర కుర్చీ చూసుకున్నాను, ఏమైనా జరిగితే బిడ్డను లాక్కుని పోవడానికి. హేమ వేదికెక్కింది. రసూల్ సాబ్ ఎదురుగా నిలబడ్డాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, తెల్ల గడ్డం, చేతిలో లావుపాటి నోటుపుస్తకం.

“ఏం బేటీ, దారాలు యాలాడతాండాయి?”

ముందు వరసలో ఎవరో అందించారు, “యుద్ధం తర్వాత కెప్టెన్ అనుకో సార్, చినిగిపోయింది.” అందరూ నవ్వారు. అది మంచి సాకే. అవునని చెప్పేయ్ తల్లీ అని మనసులో వేడుకున్నాను.

హేమ నా వైపు చూసింది. భుజం మీది కండువా తీసి, తిప్పి, మంచి ముఖం పైకి వేసుకుంది. లైట్ల కింద నీలం పట్టు తళుక్కుమంది. తోకచుక్క తల ఎడమవైపు.

హాలంతా గుసగుసలు. “పారిపోయినోళ్లది కదప్పా అది” అని ఎవరో అన్నారు.

“గుర్తు తప్పే సార్” అంది హేమ. “మా అమ్మ నేసింది. మగ్గం మీద నేసేటోళ్లకు ఎనక పక్కే కనపడతాది. నేను పుట్టకముందు నుంచి మా అమ్మ గుడ్డ ముఖం సూడకుండానే నేస్తాది. ఈ సీరియల్‌నూ టీవీకి ఈపు పెట్టే ఇన్నాది. దారాలు కనపడేటట్టు ఏసుకుంటే గుర్తు సరిపోతాది, కానీ మా అమ్మ పని కనపడదు. నాకు అమ్మ పని కనపడాల. మీరు ఏం పేరు పెట్టినా పెట్టుకోండి.”

ఇంత ధైర్యం ఎక్కడ నేర్చుకుందో. నేను నేర్పింది మాత్రం కాదు.

రసూల్ సాబ్ దగ్గరికి పోయి కండువా అంచును వేళ్లతో తాకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నోటుపుస్తకం తెరిచి, పైకి చదువుతూ రాశాడు. “కెప్టెన్ కండువా. ధర్మవరం పట్టు, మగ్గం మీద నేసింది. తోకచుక్క తల ఎడమకు. తప్పు.” కలం ఆపి హాల్లోకి చూశాడు. “ఇరవై రెండేండ్లలో దీన్ని నేసి తెచ్చినోళ్లను నేను సూడలా. నేసినామె యాడుండాది? పేరు రాసుకోవాల.”

అందరూ వెనక్కి తిరిగారు. తప్పు పక్కన పేరు రాస్తే రేపు ఏమవుతుందో, ఫోన్లో పెడతారో, షావుకారు చూస్తాడో అని ఒక్క క్షణం అనిపించింది. హేమ వేదిక మీద నిటారుగా నిలబడి ఉంది, ఆ తిరగబడిన చుక్కతోనే.

నేను తలుపు దగ్గరి కుర్చీలోంచి లేచాను.

“సునంద” అన్నాను, చివరి వరసకు కూడా వినబడేటట్టు. “ధర్మవరం సునంద. ఆ కండువా నేనే నేసినా సార్.”