అత్తకు చెల్లని నోటు

శుక్రవారం పొద్దున, కువైటులో నేను మామా అని పిలిచే ఇంటి యజమానురాలి పిల్లల బట్టలు ఇస్త్రీ చేస్తుంటే పక్కింట్లో పనిచేసే బిస్మిల్లా బీ సెలవు నుంచి తిరిగివచ్చిందని తెలిసింది. ఆమె రాయచోటికి పోయేటప్పుడు మా అత్త సిద్ధమ్మకిమ్మని పది దినార్ల నోటొకటి రహస్యంగా పంపాను, కంటి ఆపరేషనుకు. అంతకుముందు రెండుసార్లు అదే ఆపరేషనుకు మా ఆయన బాలసుబ్బయ్యకు పంపాను. ఒకసారి టేపురికార్డరు వచ్చింది. ఒకసారి మోటారు సైకిలుకు బయానా అయింది. అత్త కుడికన్ను పోయింది. ఎడమదానికీ పొర కమ్ముతోంది. ఆ కంటితోనే నా కూతురికి జడ వేసి బడికి పంపుతోంది.

మా ఊళ్లో రూపాయికన్నా దినారుకే మర్యాద. బంగారం కొట్లో, గొర్రెల సంతలో, పేకాటలో కూడా నడుస్తుంది. మా ఆయన దాన్ని పలచటి టెరిలిన్ చొక్కా జేబులో అందరికీ కనబడేలా పెట్టుకుంటాడు. "రూపాయలొద్దు, దినార్లే పంపు. నలుగుర్లో విలువుంటాది" అని జాబు రాస్తాడు. విలువ ఆయనది, చాకిరీ నాది.

బిస్మిల్లా బీ గోడ అవతలి నుంచి చెప్పింది. "మీయత్త నోటు మార్చను బంగారమంగడికి పోయిందక్కా. 'నీకెక్కడిది ముసిల్దానా, నీ కొడుకును పిల్చుకరాపో' అనిరంట. మూడంగళ్లు తిరిగి, ఆఖరికి కొడుకు చేతికే ఇచ్చింది. మార్చుకొస్తానని పాయె ఆయప్ప. ఖలాస్."

కోపం రావలసింది మొగుడి మీద. నా మీదే వచ్చింది. మగవాళ్ల చేతుల్లో తప్ప మారని నోటును తీసుకుపోయి ఆ ముసలామె చేతిలో పెట్టించాను. దొంగసొత్తు తెచ్చినట్టు చూసి ఉంటారు ఆమెను. సిగ్గేసింది నాకు.

సాయంత్రం మామా వెంట ఫహాహీల్ బజారుకు పోయినప్పుడు దర్జీ అల్లాబకష్ కొట్లోకి దూరాను. ఇక్కడ ఆయనకు దినార్లిస్తే, ఊళ్లో ఆయన తమ్ముడు ఇంటికి పోయి ముట్టజెబుతాడు. నెల జీతం తీసి బల్ల మీద పెట్టాను.

"బాలసుబ్బయ్యకే గదా? ఆయప్పకు దినార్లే కావాల."

"కాదన్నా. మాయత్త సిద్ధమ్మకు. రూపాయలే ఇయ్యమను. అన్నీ పది రూపాయల నోట్లు."

"ఇంట్లో మొగోడుండంగా ముసిలామెకా సంజీవమ్మా?"

"ఆమెకే. పది రూపాయలైతే బస్సోడు తీసుకుంటాడు, ఆస్పత్రిలో తీసుకుంటారు. ఎవురినీ అడగబన్లేదు. ఆమె చేతిలో పెట్టి ఏలిముద్ర ఏపిచ్చుకోమను."

అల్లాబకష్ అత్త పేరు రాసుకుని దినార్లు లెక్కపెట్టుకున్నాడు.

"రేపు బాలసుబ్బయ్య మా తమ్మునిమీదికొస్తే ఏం చెప్పాల?"

"ఈ నెల వాళ్లమ్మకు పంపిందని చెప్పమను. వచ్చే నెలా ఆమెకేనని చెప్పమను."