వెట్టివాళ్ల వరుస

సోమవారం పొద్దున వెండి గనుల ఊరు పొతోసీలో బస్సులు పావుగంట ఆగుతాయి. పాత టంకశాల పక్క సందులోంచి వెట్టివాళ్లు వస్తారు కదా, వాళ్లు దాటేదాకా ఆగాల్సిందే. స్పెయిన్ రాజుగారి వెండి కోసం ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి తోలుకొచ్చిన జనం వాళ్లు. చచ్చిపోయి మూడు నాలుగు వందల ఏళ్లయినా పనికి రావడం మాత్రం మానలేదు. భుజాన ఉన్ని దుప్పటి, చెవులు కప్పే టోపీ, చేతిలో కొవ్వొత్తి. చర్చి గంటలు కొట్టగానే ఒకరి వెనక ఒకరు గనులున్న ఎర్రకొండ ఎక్కుతారు. వాళ్లెదురైతే దారి పక్కన గుడ్డ పరిచి ఆకలి తెలీకుండా నమిలే కోకా ఆకు గుప్పెడు పెట్టాలి, తల దించుకోవాలి. చచ్చినవాళ్ల ముఖం చూడకూడదని ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆలస్యమైందని గొణిగేది బస్సు డ్రైవర్లు మాత్రమే.

ఆ సోమవారం బసీలియా కొండమీద గని ద్వారం దగ్గర మేస్త్రీతో పోట్లాడుతోంది. ఆమె మొగుడు ఫెర్మీన్ ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుని ఫిబ్రవరిలో పోయాడు. గనివాళ్ల సహకార సంఘంలో అతని చోటు ఆరు నెలలు ఖాళీగా ఉంచారు. ఇంటినుంచి ఎవరూ గనిలోకి దిగకపోతే ఇవాళ్టితో అది పరాయివాళ్లకు పోతుంది. ఇంట్లో చూస్తే ఇద్దరూ ఆడపిల్లలే. పదకొండేళ్లుగా ఆమె గని బయట పారబోసిన రాళ్లు సుత్తితో పగలగొట్టి వెండి ముక్కలు ఏరుతోంది. ఆ రాళ్లలో ఇక ఏరడానికి ఏమీ మిగల్లేదు.

"ఆడది లోపల అడుగుపెడితే కొండ అలుగుతుంది చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రీ క్రిసోస్తొమో. "కొండా ఆడదే. ఇంకో ఆడదాన్ని ఓర్వలేదు. వెండి దాచేస్తుంది, కప్పు కూల్చేస్తుంది. ఇది నేను పుట్టించిన మాట కాదు, తాతల నాటిది."

"నీ చెవిలో చెప్పిందా అన్నా, అలుగుతానని?"

"నీ అందం చూస్తే ఏ కొండకైనా కుళ్లే కదా వదినా!" అన్నాడు మీసాల ఎలోయ్. మగాళ్లంతా నవ్వారు.

"నోర్ముయ్యరా! మీ అమ్మ నా పక్కన కూచుని రాళ్లు కొట్టే నిన్నింతవాణ్ణి చేసింది. ఆమెకూ ఇలాగే చెప్పు."

ఎలోయ్ నవ్వు ఆగిపోయింది. అంతలోనే వెట్టివాళ్లు వచ్చేశారు. అందరూ హెల్మెట్లు తీసి తలలు దించుకున్నారు. బసీలియా మెడ కూడా అలవాటుగా వంగింది. కానీ దించి దించి ఏం బావుకున్నాను అనుకుంటూ తలెత్తి చూసింది.

ముందు నలుగురు మగవాళ్లు. చివరి రోజుల్లో ఫెర్మీన్‌కు ఉన్నట్టే వాళ్ల ముఖాలకూ పసుప్పచ్చ రంగు. ఐదో మనిషి టోపీ కింద నుంచి రెండు జడలు నడుందాకా వేలాడుతున్నాయి. వీపున దుప్పట్లో చంటిబిడ్డ. ఆ వెనక ఇంకో జడల మనిషి. దూరంగా మరొకరు.

"అన్నా, తలెత్తు."

"ఛీ, తప్పు!"

"వీళ్లలో ఆడవాళ్లున్నారన్నా! మగాడు పడిపోయిన చోట పెళ్లాం దిగినట్టుంది. ఇన్ని వందల ఏళ్లుగా ప్రతి సోమవారం నీ ముక్కు ముందునుంచే లోపలికి పోతున్నారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"నీకు మతి పోయింది" అన్నాడు క్రిసోస్తొమో, నేలవైపే చూస్తూ.

ఎన్నడూ ఆగని వరుస ఆగింది. బిడ్డతో ఉన్న జడల మనిషి క్రిసోస్తొమో ముందుకొచ్చి, వంగిన అతని ముఖం కిందికి కొవ్వొత్తి పెట్టింది. ఇక చూడక తప్పలేదు. అతని పెద్దకూతురికంటే చిన్నది ఆ పిల్ల. పెదాలు పగిలి ఉన్నాయి. వీపున బిడ్డ నిద్రపోతోంది. అతని కళ్లలో నీళ్లు వచ్చాయి.

"అమ్మా" అన్నాడు చివరికి. "ఇన్నాళ్లూ నిన్ను చూడనేలేదు."

ఆమె వరుసలోకి పోయి తన వెనక ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడింది. ఆ చోటు ఎవరికోసమో ఎవరూ అడగలేదు. ఎలోయ్ తన చేతిలో ఉన్న హెల్మెట్ బసీలియా తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించి, దానికున్న దీపం వెలిగించాడు.

క్రిసోస్తొమో ముఖం తుడుచుకున్నాడు. "ఫెర్మీన్ చోటు ఎడమవైపు మూడో సొరంగంలో చెల్లెమ్మా. లోపల చీకటి. నేనొచ్చి దారి చూపిస్తానుండు."

"వద్దులే అన్నా" అంది బసీలియా, వరుసలోకి అడుగుపెడుతూ. "వీళ్లకు తెలుసు."